ఒప్పందాల ఫలం చెరువుగట్టు దాకా రావాలి

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 ఏప్రిల్ 2న దేశాలవారీగా కొత్త సుంకాల పట్టిక విడుదల చేశారు. అందులో భారత్‌కు రాసిన అంకె 26 శాతం. అది అప్పటికింకా అమల్లోకి రాలేదు, ఓడలెక్కిన సరుకు మీద పడనూ లేదు. అయినా రోజుల వ్యవధిలో ఆంధ్ర తీరమంతటా రొయ్య ధర కిలోకు పదుల రూపాయలు తెగిపోయింది. రొయ్యలను సుంకాల నుంచి తప్పించేలా చూడాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాశారు. వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్యను కిలో 220 రూపాయలకు తగ్గకుండా కొనేలా రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను పిలిచి ఒప్పించవలసి వచ్చింది. ఏప్రిల్ 9న ట్రంప్ ఆ పట్టికను 90 రోజులు వాయిదా వేశారు. అమల్లోకి రాని సుంకానికి కృష్ణా డెల్టాలోని బందరు, కృత్తివెన్ను, నాగాయలంక రైతులు ముందే మూల్యం చెల్లించారన్నమాట.

దూరదేశాలతో వాణిజ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచు మరచిపోయేది ఈ సంగతినే. సుంకం పెరిగితే ఆ భారం అదే వారంలో చెరువుగట్టుకు చేరుతుంది. సుంకం తగ్గితే ఆ లాభం గట్టు దాకా వస్తుందన్న భరోసా ఎక్కడా లేదు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలను స్వాగతించాలా, వ్యతిరేకించాలా అన్న పాత తర్కంలోనే చర్చ తిరుగుతోంది. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతానికి కావలసిన చర్చ వేరు. ఒప్పందంలో దొరికిన ప్రయోజనం కోతల్లేకుండా ఉత్పత్తిదారుకు ముట్టే దారి ఉందా? ఒప్పందం తిరగబడిన రోజున నష్టాన్ని అందరూ పంచుకునే ఏర్పాటు ఉందా? ఈ రెంటికీ సమాధానం లేకుండా ఎన్ని సంతకాలు జరిగినా అవి డెల్టా రైతు బతుకును మార్చవు.

బేరం చేసే వ్యవధి లేని రైతు

రొయ్యల పట్టుబడిని ఒకసారి దగ్గరగా చూస్తే ధర ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. తెల్లవారుజామున వల లాగుతారు. కిలో తూచి అందులో ఎన్ని రొయ్యలున్నాయో లెక్కపెడతారు. నలభై ఉంటే నలభై కౌంటు, వంద ఉంటే వంద కౌంటు. కౌంటు నాలుగైదు పెరిగితే ధర ఒక మెట్టు దిగుతుంది. ట్రేల్లో ఐసు వేసి లారీకి ఎక్కించాక గంటల్లో ప్లాంటుకు చేరాలి. ధర నచ్చలేదని పట్టుబడి ఆపుకుంటే రోజూ మేత వేయాలి, ఏరియేటర్లకు కరెంటు కాల్చాలి. రాత్రికి రాత్రి తెల్లమచ్చ వ్యాధి తగిలితే చెరువు మొత్తం పోతుంది. ధాన్యమైతే గోదాములో పెట్టి నెల ఆగవచ్చు. రొయ్యకు ఆ వెసులుబాటు లేదు.

దీనికి అప్పు తోడవుతుంది. డెల్టాలో రొయ్యలు పెంచేవారిలో చాలామంది కౌలు రైతులు. లీజు ముందే కట్టాలి. మేత, మందులు డీలరు దగ్గర అరువు మీద తెచ్చుకుంటారు. పంట రాగానే ఆ బాకీ తీరాలి. ఇలాంటి రైతుతో వాషింగ్టన్‌లో సుంకం పెంచారట అని ఒక్క మాట అంటే చాలు, ఎదురు మాట్లాడే బలం అతనికి ఉండదు. ఆ వార్త నిజమా, సుంకం ఎప్పటి నుంచి, పాత ఆర్డర్లకు వర్తిస్తుందా అని నిలదీయడానికి అతని చేతిలో సమాచారమూ లేదు, వ్యవధీ లేదు.

ఎగుమతిదారుకూ కష్టాలు ఉన్నాయి. సరుకు శీతల గిడ్డంగిలో పెట్టుకుని, బ్యాంకు వడ్డీ కట్టుకుంటూ, విదేశీ కొనుగోలుదారు మాట మార్చకుండా చూసుకోవాలి. అయితే అతనికి ఆగే శక్తి ఉంది. వేరే దేశానికి మళ్లించే మార్గం ఉంది. ఎగుమతులపై పన్నుల వాపసుకు 2021 నుంచి అమల్లో ఉన్న రొడ్‌టెప్ లాంటి పథకాలు ఉన్నాయి. ఈ గొలుసులో ఏ రక్షణా లేనిది మొదటి కొస ఒక్కటే.

ఒకే దేశం మీద ఆధారపడితే

వనామి రకం రొయ్యల సాగుకు మన దేశం 2009లో అనుమతి ఇచ్చింది. ఆ తరువాతి పదిహేనేళ్లలో ఆంధ్ర తీరం దేశపు రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం అందించే స్థాయికి ఎదిగింది. 2024-25లో భారత సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో ఘనీభవించిన రొయ్యల వాటాయే 43,334 కోట్లు. పరిమాణంలో 7.41 లక్షల టన్నులు. ఇందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. చైనాకు 1.36 లక్షల టన్నులు వెళితే, అంత పెద్ద సంపన్న విపణి అయిన ఐరోపా సమాఖ్యకు లక్ష టన్నుల లోపే వెళ్లింది.

ఈ బంధం అమ్మకంతోనే మొదలు కాదు. మన హేచరీల్లో పిల్లను ఉత్పత్తి చేసే వనామి తల్లి రొయ్యలు ప్రధానంగా అమెరికాలోని సంస్థల నుంచే వస్తాయి. చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాక హేచరీలకు చేరతాయి. విత్తనానికి అదే దేశం, సరుకు అమ్ముకోవడానికీ అదే దేశం. డెల్టా చెరువు రెండు వైపులా ఒకే భాగస్వామికి ముడిపడి ఉంది.

2025 ఆగస్టు 7న అమెరికా 25 శాతం సుంకం అమలు చేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27న మరో 25 శాతం కలిపింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, 2024లో తేల్చిన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీకి విరుగుడు) సుంకం చేరేసరికి మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. ఆగస్టు 7 నాటి పట్టికలో ఈక్వెడార్‌కు 15 శాతం, ఇండోనేషియాకు 19, వియత్నాంకు 20 శాతం. రొయ్యల ఎగుమతిలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న ఈక్వెడార్‌కు ఇంత తేడా దొరికితే మన సరుకు పోటీలో ఎలా నిలుస్తుంది? సగం ఆర్డర్లు రద్దయ్యాయని, నష్టం 25,000 కోట్ల రూపాయల దాకా ఉంటుందని ముఖ్యమంత్రి ఆ సెప్టెంబరులో కేంద్రానికి తెలిపారు. ఆ తరువాత చర్చలు జరిగాయి, ప్రకటనలు వచ్చాయి, అంకెలు మారాయి. రేపు మళ్లీ మారవచ్చు. రష్యా నుంచి చమురు కొనాలా వద్దా అన్నది బంటుమిల్లి రైతు తీసుకున్న నిర్ణయం కాదు. దాని శిక్ష మాత్రం అతని చెరువు మీద పడింది. దూర భాగస్వామి రాజకీయాలకు మన పంటను పూర్తిగా అప్పగించడంలోని ప్రమాదం ఇదే.

బందరు ఎరిగిన పాఠం

బందరుకు, అంటే మచిలీపట్నానికి, ఈ అనుభవం కొత్తది కాదు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ నౌక గ్లోబ్ 1611లో ఇక్కడికి వచ్చింది. కోరమండల్ తీరంలో ఆ కంపెనీ తొలి వర్తకస్థావరం వెలసింది మచిలీపట్నంలోనే. డచ్చివారు అంతకు ముందే దిగి ఉన్నారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఆంగ్లేయులకు ఇచ్చిన ఫర్మానా చరిత్రలో బంగారు ఫర్మానాగా నిలిచింది. ఏటా 500 వరహాలు చెల్లించి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకునే హక్కును అది వారికి దఖలు పరిచింది. నేటి పరిభాషలో చెప్పాలంటే అది మన తీరంలో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడికల్లో తొలినాటిది. రాయితీ పొందింది కొనుగోలుదారు. కాలువ ఒడ్డున బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఇనుప తుప్పూ బెల్లమూ పులియబెట్టిన నలుపుతో, పటికతో అద్దకం వేసిన చేతులకు ఆ ఫర్మానాలో చోటు లేదు.

ఆ అద్దకం బట్టలు పర్షియాకు, ఆగ్నేయాసియా దీవులకు, ఐరోపాకు వెళ్లాయి. లండన్, పారిస్ నగరాల్లో వాటి మోజు పెరిగేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు తిరగబడ్డారు. ఫ్రాన్స్ 1686లో నిషేధం విధించింది. ఇంగ్లండ్ పార్లమెంటు 1700లో రంగులద్దిన నూలుబట్టల దిగుమతిని స్వదేశీ వాడకానికి నిషేధిస్తూ చట్టం చేసింది. 1721లో మరో చట్టంతో వాటిని ధరించడాన్నే నేరం చేసింది. మన రేవులో మనం ఇచ్చిన సుంకం మినహాయింపు చెక్కుచెదరలేదు. వాళ్ల రేవులో మన సరుకుకు తలుపు మూసుకుంది. అడిగే నాథుడు లేడు. ఒప్పందంలో ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా ఉండాలన్న సూత్రానికి బందరు చరిత్ర కంటే గట్టి సాక్ష్యం మరొకటి దొరకదు.

2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందం ప్రకారం బట్టలు, దుస్తులపై బ్రిటన్ వసూలు చేస్తున్న 12 శాతం దాకా సుంకం పోతుంది. రొయ్యల మీద 4.2 నుంచి 8.5 శాతం వరకు ఉన్న సుంకమూ పోతుంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీకి ఇది మంచి అవకాశం. కానీ స్క్రీన్‌ప్రింట్ బట్టను కలంకారీ పేరుతో చౌకగా అమ్మే దుకాణాలు మన దగ్గరే కొల్లలు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ముద్ర లేని సరుకు ఆ పేరుతో ఎగుమతి కాకుండా చూసే యంత్రాంగం బలహీనంగా ఉంది. అది బలపడేదాకా సుంకం తగ్గింపు లాభం యంత్రాలకు, పేరు ప్రతిష్ఠల భారం చేతివృత్తివారికి మిగులుతుంది.

సుంకం పోయినా పరీక్ష ఉంటుంది

ఐరోపా సమాఖ్యతో చర్చలు 2007లో మొదలయ్యాయి. 2013లో ఆగిపోయాయి. 2022లో మళ్లీ పట్టాలెక్కి, 2026 జనవరి 27న ఢిల్లీలో ముగిసినట్లు రెండు పక్షాలూ ప్రకటించాయి. సముద్ర ఉత్పత్తులకు దొరికే సుంకం రాయితీ అందులో మనకు ముఖ్యమైనది. ఈ తలుపు తెరుచుకోవడం అవసరం. వియత్నాం 2020లోనే ఐరోపాతో ఒప్పందం అమలులోకి తెచ్చుకుంది. ఈక్వెడార్ 2017 నుంచే ఆ రాయితీ అనుభవిస్తోంది. 2024లో చైనాతోనూ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలు చేసుకుంది. మనం ఆలస్యంగా బయల్దేరిన వాళ్లం.

అయితే ఐరోపాలో మన రొయ్యకు అసలు అడ్డంకి సుంకం కంటే పరీక్ష. 2016లో ఆ సమాఖ్య మన సాగు రొయ్యల సరుకులో యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే ప్రతి రెండు సరుకుల్లో ఒకటి రేవులో నిలబడి పరీక్షకు వెళ్లాలి. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ జాడ దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. అందుకే ఐరోపాకు పంపే రొయ్యకు పట్టుబడికి ముందే చెరువు దగ్గర నమూనా తీసి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. 2025 సెప్టెంబరులో ఐరోపా మరో 102 భారత యూనిట్లకు అనుమతి ఇచ్చింది. ప్లాంట్లకు అనుమతి దొరికింది సరే, ఆ ప్లాంట్లకు సరుకిచ్చే చెరువులు సిద్ధంగా ఉన్నాయా?

ఇక్కడే కౌలు రైతు చిక్కుకుంటాడు. చెరువు నమోదు కావాలంటే భూమి పత్రాలు, యజమాని సమ్మతి కావాలి. చాలా లీజులు నోటిమాట మీద నడుస్తాయి. నమోదు లేని చెరువు నుంచి వచ్చిన రొయ్యకు జాడ చూపలేరు. జాడ చూపలేని సరుకు ఐరోపాకు వెళ్లదు. అది తక్కువ ధర దారి పట్టవలసిందే. ఒప్పందం అందరికీ ఒకటే అయినా అందులో ప్రవేశం నమోదైన పెద్ద రైతుకే పరిమితమవుతుంది. పంట సాగుదారు హక్కు పత్రం వరి కౌలుదారుకు ఇస్తున్నట్లే, భూయజమాని హక్కుకు భంగం లేకుండా ఆక్వా కౌలుదారుకు నమోదు కల్పించడం అసాధ్యం కాదు.

సముద్రంలో పట్టిన రొయ్యది మరో కథ. వలల్లో సముద్ర తాబేళ్లు చనిపోతున్నాయన్న కారణంతో అమెరికా 2019 నుంచి మన వేట రొయ్యలను కొనడం మానేసింది. తాబేలు తప్పించుకుపోయే ద్వారం వలకు అమర్చాలన్నది దాని షరతు. దివిసీమలో సొర్లగొంది, నాచుగుంట, పాలకాయతిప్ప తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాటి గుడ్లను కాపాడుతోంది. తాబేలును కాపాడుకోవడం మన బాధ్యత కూడా. గిలకలదిండి లాంటి హార్బర్లన్నిటి నుంచి వేటకు వెళ్లే బోట్లకు ఆ పరికరాన్ని రాయితీపై ఇచ్చి, వాడకాన్ని తనిఖీ చేసి ఉంటే మత్స్యకారుడికి ఒక పెద్ద విపణి ఇన్నేళ్లపాటు దూరమయ్యేది కాదు. ప్రమాణాలను విదేశీ కుట్రగా తోసిపుచ్చడం తేలిక. అందుకోవడానికి రైతుకూ మత్స్యకారుడికీ చేయూతనివ్వడం ప్రభుత్వాల పని.

దిగుమతి వైపు కూడా చూడాలి

దూరదేశపు వాణిజ్యం డెల్టాను ఎగుమతి వైపు నుంచే తాకదు. వరి కోతకు ముందు, పదును ఆరకుండా నిలిచిన చేలోనే మినుములు చల్లడం కృష్ణా డెల్టా రైతుల ఆనవాయితీ. నీరు పెట్టని రెండో పంట అది. పల్లాకు తెగులు, బంగారు తీగ తప్పించుకుంటే అవనిగడ్డ, ఘంటసాల, గుడివాడ ప్రాంతాల రైతుకు ఆ ఏడాది చేతిలో నాలుగు రాళ్లు మిగిలేది దానిమీదే. 2025-26కు మినుముకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు.

కానీ 2021 మే నుంచి కేంద్రం మినుము దిగుమతిని స్వేచ్ఛా జాబితాలో పెట్టి, గడువు పొడిగిస్తూ వస్తోంది. మయన్మార్ నుంచి ఏటా 2.5 లక్షల టన్నుల మినుము దిగుమతికి అదే ఏడాది అయిదేళ్ల అవగాహన కుదిరింది. ఇటీవలి ఏళ్లలో బ్రెజిల్ మినుమూ వస్తోంది. గడువు మార్చి 31తో ముగియబోతుండగా పొడిగింపు రావడం రివాజైంది. సరిగ్గా ఆ నెలల్లోనే డెల్టా మినుము కల్లాల మీద ఉంటుంది. చెన్నై రేవులో బర్మా మినుము పలికిన ధర విన్నాకే వ్యాపారి ఇక్కడ బేరం మొదలుపెడతాడు.

పట్టణంలో ఇడ్లీ పిండి కొనే సామాన్యుడికి మినపప్పు ధర అందుబాటులో ఉండాలన్నది న్యాయమే. దిగుమతి పూర్తిగా ఆపమనడం సబబు కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుంకం, మిగతా నెలల్లో మినహాయింపు అనే కాలక్రమ విధానం ఉంటే రైతూ వినియోగదారూ ఇద్దరూ నిలబడతారు. వాణిజ్య విధానం పంటల క్యాలెండరును చూడకుండా ఆర్థిక సంవత్సరం క్యాలెండరును చూడడమే ఇక్కడి లోపం.

మన తలుపు మనమే మూసిన సందర్భమూ ఉంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2024 సెప్టెంబరు 28 దాకా ఎత్తివేయలేదు. కాకినాడ రేవు నుంచి ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం మీద ఆధారపడే మిల్లులు గుడివాడ చుట్టూ ఎన్నో ఉన్నాయి. నిషేధ కాలంలో ఆఫ్రికా కొనుగోలుదారులు థాయ్‌లాండ్, వియత్నాం వైపు చూశారు. అమెరికా మాట మార్చిందని మనం బాధపడుతున్నాం. మన మాట మీద ఆధారపడిన పశ్చిమాఫ్రికా వంటిళ్లకూ అదే బాధ కలిగించాం. నమ్మదగిన సరఫరాదారు అన్న పేరు ఒప్పందంలో రాసుకుంటే వచ్చేది కాదు, నడతతో సంపాదించుకోవాలి.

చర్చల్లో రాష్ట్రాలకు చోటేది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం విదేశీ వాణిజ్యం, విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. వ్యవసాయం, మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ఒప్పందం అమలుకు కావలసిన ఏ చట్టాన్నైనా చేసే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. సంతకం కేంద్రానిది, ఆ సంతకం పర్యవసానాలు మోసేది రాష్ట్రం. ఆసియాన్ దేశాలతో ఒప్పందం కుదిరినప్పుడు 2009లో కేరళ రాష్ట్రమంతటా మానవహారం కట్టి నిరసన తెలిపింది. రైతుల భయాలు చెప్పుకోవడానికి వీధి తప్ప వేరే వేదిక లేకపోవడం వల్లే అది జరిగింది.

ఇతర సమాఖ్య దేశాలు మరో దారి చూపాయి. ఐరోపాతో కెనడా చర్చలు జరిపినప్పుడు ఆ దేశపు ప్రావిన్సుల ప్రతినిధులు కూడా పాల్గొన్నారు. ప్రావిన్సుల అధికార పరిధిలోని అంశాలు తేలకుండా ఒప్పందం నిలబడదని ఐరోపాయే పట్టుబట్టింది. అదే ఒప్పందాన్ని 2016 అక్టోబరులో బెల్జియంలోని వలోనియా అనే చిన్న ప్రాంతపు శాసనసభ కొద్ది రోజులు ఆపగలిగింది. తన రైతుల గురించి హామీలు రాయించుకున్నాకే అంగీకరించింది. మన రాజ్యాంగంలో రాష్ట్రాలకు అలాంటి నిరోధక శక్తి లేదు, ఉండాలని వాదించనక్కర్లేదు. కనీసం చర్చలు జరుగుతున్నప్పుడే ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ, వ్యవసాయశాఖల అభిప్రాయం లిఖితపూర్వకంగా తీసుకోవడం, జిల్లాల వారీ ప్రభావ అంచనాను శాసనసభ ముందు ఉంచడం తప్పనిసరి చేయవచ్చు. సుంకం వచ్చాక లేఖలు రాసే ముఖ్యమంత్రికి చర్చలకు ముందే మాట చెప్పే అవకాశం ఉండాలి.

చేయవలసిన పనులు

మొదటిది ధర. రబ్బరు బోర్డు కొట్టాయం నుంచి ప్రతిరోజూ దేశీయ, అంతర్జాతీయ ధరలు ప్రకటిస్తుంది. రబ్బరు రైతు ఆ అంకె చూసే బేరానికి దిగుతాడు. రొయ్యకు కూడా కౌంటు వారీగా, గమ్యదేశం వారీగా రోజువారీ సూచిక ధరను ఎంపెడా, రాష్ట్ర మత్స్యశాఖ కలిసి ప్రకటించాలి. అంతర్జాతీయ ధర, రూపాయి మారకం, సుంకం మార్పు ఆధారంగా చెరువుగట్టు ధర లెక్కగట్టే సూత్రాన్ని రైతులు, ప్రాసెసర్లు, ప్రభుత్వం కలిసి ఖరారు చేసుకోవాలి. సుంకం పెరిగితే ఎంత తగ్గాలో అందులో ఉన్నట్టే, తగ్గితే ఎంత పెరగాలో కూడా ఉండాలి.

రెండోది సుంకాల ఒడుదొడుకులకు నిధి. ఎగుమతిదారుకు పన్ను వాపసు, వడ్డీ రాయితీ ఇస్తున్నప్పుడు అందులో కొంత భాగాన్ని జమ చేసి, విదేశీ సుంకం అకస్మాత్తుగా పెరిగిన సీజన్లో నమోదైన రైతుకు కిలోకు ఇంత అని పరిహారం ఇవ్వవచ్చు. ఈ సాయం లీజుదారుకు నేరుగా చేరాలి.

మూడోది పరీక్ష, నమోదు. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి వంటి మండలాల రైతు నమూనా పట్టుకుని దూరం వెళ్లనక్కర్లేకుండా అవశేషాల పరీక్ష అందుబాటులోకి రావాలి. ఫలితం పట్టుబడికి ముందే చేతికి రావాలి. నిషిద్ధ మందులు మేత దుకాణాల్లో అమ్మకుండా నిఘా పెట్టాలి. పట్టుబడ్డ మందు రైతు తప్పు మాత్రమే కాదు, అమ్మిన డీలరు తప్పు కూడా.

నాలుగోది రేవు. తపసిపూడి దగ్గర కట్టే బందరు పోర్టుకు 2023 మే 22న పనులు ప్రారంభమయ్యాయి. మొదటి దశలో నాలుగు బెర్తులు. బొగ్గు, సాధారణ సరుకుతో ఆ రేవు నిండిపోతే డెల్టాకు అదనపు మేలు ఏముంటుంది? శీతల కంటైనర్లకు విద్యుత్ కనెక్షన్లు, ఎగుమతి తనిఖీ కార్యాలయం, ప్రాసెసింగ్ యూనిట్లకు స్థలం ఆ ప్రణాళికలో ఇప్పుడే చేరాలి. డెల్టా చెరువుల సరుకు విశాఖ దాకా లారీల్లో వెళ్లే ఖర్చు తగ్గితే, ఆ తగ్గిన రూపాయే రైతు బేరానికి బలం. తలకాయ తీసి గడ్డకట్టించి పంపే సరుకు కంటే వండటానికి సిద్ధంగా పొట్లం కట్టిన సరుకు మీద ఆదాయం ఎక్కువ. పీలింగ్ షెడ్లలో పనిచేసే ఆడవాళ్లకు దానివల్ల ఏడాది పొడవునా పని దొరుకుతుంది.

అయిదోది సొంత దేశం. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాలకు శుభ్రమైన రొయ్యను సరసమైన ధరకు చేర్చే శీతల వ్యవస్థ ఉంటే, విదేశీ తలుపు మూసుకున్న నెలలో కూడా చెరువు ఖాళీ చేసుకునే మార్గం రైతుకు మిగులుతుంది. దేశంలో గుడ్ల వాడకాన్ని పెంచడానికి జరిగిన పాటి ప్రచారం రొయ్యకు ఎన్నడూ జరగలేదు.

దూరదేశాలతో ఒప్పందాలు మనకు కావాలి. అమెరికా మీద ఆధారం తగ్గాలంటే బ్రిటన్, ఐరోపా, జపాన్, కొరియా విపణుల్లో మన సరుకు స్థిరపడాలి. కానీ ఆ ఒప్పందాల విజయాన్ని ఎన్ని సుంకాలు తొలగాయన్న లెక్కతో కొలిచినంతకాలం డెల్టాకు న్యాయం జరగదు. ప్రతి ఒప్పందం అమల్లోకి వచ్చిన ఏడాదికి మూడు అంకెలు ప్రజల ముందు పెట్టాలి: ఆ దేశానికి వెళ్లిన సరుకులో చిన్న రైతుల వాటా ఎంత, వంద కౌంటు చెరువుగట్టు ధర ఎంత పెరిగింది, పెడన అద్దకందారు కూలి ఎంత పెరిగింది. ఈ మూడు అంకెలు పైకి కదిలితే ఒప్పందం మంచిదని ఒప్పుకుందాం. కదలకపోతే సుంకం రాయితీ ఎక్కడ ఆగిపోయిందో వెతికి, అక్కడి నుంచి రైతు దాకా తీసుకురావలసిన బాధ్యత సంతకం చేసిన ప్రభుత్వానిదే.